ఏసీ వేయగానే ముక్క వాసన

ప్రశ్న: మాది నాలుగేళ్ల పెట్రోల్ కారు. వానలు మొదలైనప్పటి నుంచి ఏసీ వేయగానే రెండు మూడు నిమిషాలు తడి బట్టలు మూటగట్టి పెట్టినట్టు ముక్క వాసన వస్తోంది. మా పాపకు కారెక్కగానే వాంతి. పెర్ఫ్యూమ్ పెడితే ఇంకా అధ్వానంగా ఉంది. గ్యాస్ నింపాలి, డాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ మార్చాలి అని గ్యారేజీలో అంటున్నారు. నిజంగా అంత అవసరమా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. చల్లదనం బాగానే ఉంటే గ్యాస్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు, ఈ వాసనకీ గ్యాస్‌కీ సంబంధం లేదు. ఏసీ నడుస్తున్నంతసేపూ కాయిల్ మీద గాలిలోని తేమ నీళ్లుగా పేరుకుంటుంది, మీ సముద్రపు గాలికి మరీ ఎక్కువ. కారు ఆపేశాక ఆ తడి చీకట్లో అలాగే ఉండిపోయి, దుమ్ముతో కలిసి బూజు పడుతుంది. మర్నాడు బ్లోయర్ తిరగగానే మీ ముక్కుకు తగిలేది అదే. పెర్ఫ్యూమ్ బూజును చంపదు, దాని వాసన దీనికి తోడవుతుంది, అంతే. పాప కోసమైనా ముందు ఆ పెర్ఫ్యూమ్ తీసేయండి.

మొదట కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. నల్లగానో తడిగానో ఉంటే కొత్తది వేయండి, కాగితం ఫిల్టర్‌ను కడిగి మళ్లీ పెట్టొద్దు. ఏడాదికోసారి, లేదా 10 నుంచి 15 వేల కిలోమీటర్లకు మార్చాల్సిన వస్తువే అది. వేపచెట్టు కింద కారు పెడుతుంటే వైపర్ల కింద జాలీలో కుళ్లిన ఆకులు కూడా తీసేయండి, బయటి గాలి లోపలికి వచ్చేది అక్కడి నుంచే.

తర్వాత, ఏసీ పావుగంట నడిపి కారు కింద చూడండి. ఈ వాతావరణంలో నీళ్లు బాగా కారాలి. కారకుండా, ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉంటే, కాయిల్ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే. దాన్ని మెకానిక్ చేత శుభ్రం చేయించండి, మీరు తీగ పెట్టి పొడవకండి. కాయిల్‌కు ఫోమ్ క్లీనర్ కొట్టించడం డాష్‌బోర్డు విప్పకుండానే అవుతుంది. ఆ రోజు పాపను ఎక్కించకుండా, అద్దాలు దించి బ్లోయర్ కాసేపు తిప్పండి.

ఇంతా చేసి పాత అలవాటే కొనసాగిస్తే నెలలోనే మళ్లీ మొదలవుతుంది. ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టి, బ్లోయర్ మాత్రం ఎక్కువ స్పీడులో ఉంచండి, కాయిల్ ఆరుతుంది. వాన పడుతుంటే మాత్రం దారిలో ఇలా చేయొద్దు, ముందు అద్దం మసకబారుతుంది, ఇంటి ముందు ఆగాకే చేయండి. ఎప్పుడూ లోపలి గాలే తిరిగే బటన్ మీద నడపడం కూడా మంచిది కాదు.

వాసన వేరే రకమైతే సంగతి వేరు. తియ్యటి వాసన వస్తూ అద్దం లోపలివైపు జిడ్డుగా మసకేస్తే హీటర్ దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకవుతుండవచ్చు. కుళ్లు కంపైతే ఫిల్టర్ గూట్లో ఎలుక చచ్చిందేమో చూడాలి. కాలిన ప్లాస్టిక్ వాసన గానీ పొగ వాసన గానీ వస్తే అద్దాలు దించి, పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి దిగిపోండి.

కాయిల్‌కు చిల్లు పడి గ్యాస్ పోతోందని పరీక్ష చేసి చూపిస్తేనే మార్చే మాట. ఈలోగా పాపను ఎక్కించే ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి బ్లోయర్ తిప్పండి, ఆ మొదటి గాలి బయటికి పోతుంది.