67 ఏళ్లు ఖాళీ కాని కుర్చీ

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా లాస్ ఏంజెలిస్ దగ్గర ఉంటున్నాము. మా అమ్మాయి హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంది. డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు పాత మ్యాచుల రేడియో రికార్డింగులు గంటల తరబడి వింటుంది. క్రీడా వ్యాఖ్యాతను అవుతానని, ఆ చదువే చదువుతానని పట్టుబట్టింది. మా వారు కంప్యూటర్ సైన్స్ తప్ప మరో మాట వినరు. మా ఇద్దరికీ ఆ ఆట గురించి గానీ, ఆ రంగం గురించి గానీ ఏమీ తెలియదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి వింటున్న గొంతు చాలావరకు విన్ స్కల్లీది అయి ఉంటుంది. ఆ గొంతు వెనక ఒక లెక్క ఉంది. మీ వారికి కూడా చదివి వినిపించండి, లెక్క కాబట్టి వింటారు.

డాడ్జర్స్ జట్టు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్న రోజుల్లో, 1950లో, స్కల్లీ వ్యాఖ్యాతగా చేరారు. 1958లో జట్టు లాస్ ఏంజెలిస్‌కు తరలివస్తే ఆయనా వచ్చారు. 2016లో గానీ మైకు వదల్లేదు. మొత్తం 67 సీజన్లు! అదే జట్టుకు స్పానిష్‌లో హైమే హరీన్ 1959 నుంచి 2022 దాకా, 64 సీజన్లు చెప్పారు. అభిమానులకు ఇది గొప్ప చరిత్ర. ఉద్యోగాల వైపు నుంచి చూసే నాకు మాత్రం రెండు కుర్చీలు కనిపిస్తాయి. ఆ రెండూ ఖాళీ అయ్యేలోపు, వాటి మీద ఆశ పెట్టుకున్న పిల్లలు తాతలయ్యారు. బేస్‌బాల్ పెద్ద లీగు (మేజర్ లీగ్)లో ఉన్నవి 30 జట్లే. ఒక్కో జట్టుకు నలుగురైదుగురు వ్యాఖ్యాతలు ఉంటారనుకున్నా, దేశం మొత్తానికి ఎన్ని ఉద్యోగాలో మీరే లెక్కవేసుకోండి.

ఇది చదివి మీ వారు గెలిచినట్టు నవ్వితే, కాస్త ఆగమనండి.

స్కల్లీ ఆ కుర్చీ దాకా ఎలా వచ్చారో చూద్దాం. ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ విద్యార్థుల రేడియోలో పనిచేశారు. 1949లో సీబీఎస్ రేడియో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చెప్పడానికి ఆయనను బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌కు పంపింది. గదిలో కూర్చుని చెప్పవచ్చనుకుని ఆయన కోటు, చేతి తొడుగులు హోటల్లోనే వదిలి వెళ్లారు. తీరా చూస్తే చోటు మైదానం కప్పు మీద. నవంబరు చలి. వణుకుతూనే మ్యాచ్ పూర్తి చేశారు, రేడియోలో మాత్రం చలి సంగతి ఎత్తలేదు. సీబీఎస్ క్రీడా విభాగాధిపతి రెడ్ బార్బర్‌కు ఆ విషయం తర్వాత తెలిసింది. ఆ బార్బరే డాడ్జర్స్ ప్రధాన వ్యాఖ్యాత. ఆయన దగ్గర పనిచేస్తున్న ఎర్నీ హార్వెల్ జెయింట్స్ జట్టుకు వెళ్లిపోవడంతో ఖాళీ అయిన చోటుకు స్కల్లీని తీసుకున్నారు. అప్పటికి స్కల్లీకి 22 ఏళ్లు. (ఈ హార్వెల్ కథ ఇంకా విచిత్రం. 1948లో ఆయన అట్లాంటాలో చిన్న జట్టుకు చెబుతుంటే, డాడ్జర్స్ వాళ్లు తమ క్యాచర్ ఒకరిని ఆ జట్టుకు ఇచ్చి బదులుగా ఈయనను తెచ్చుకున్నారు. వ్యాఖ్యాత కోసం ఆటగాణ్ణి మార్చుకున్న బేరం అది!)

బార్బర్ పద్ధతులు మీ అమ్మాయికి ఏ పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ నేర్పుతాయి. ఆయన బల్ల మీద మూడు నిమిషాల ఇసుక గడియారం ఉండేది. ఇసుక జారిపోయినప్పుడల్లా స్కోరు చెప్పి దాన్ని తిరగేసేవారు. రేడియో ఎప్పుడో ఒకప్పుడు పెట్టే మనిషికి మొదట కావలసింది స్కోరే కదా. ఆ రోజుల్లో వేరే ఊళ్లలో ఆడే మ్యాచులకు వ్యాఖ్యాత చాలాసార్లు వెళ్లేవాడు కాదు. టెలిగ్రాఫ్ మీద ముక్కలుగా వచ్చే వివరాలు చూసి స్టూడియోలోనే ఆటను అల్లేవాడు. కొందరు జనం కేకలు, బ్యాటు చప్పుడు కూడా కలిపేవారు. బార్బర్ మాత్రం టెలిగ్రాఫ్ టకటకలు శ్రోతలకు వినిపించేలా మైకు పెట్టించారు. తాను మైదానంలో లేనని దాచడం ఆయనకు ఇష్టం లేదు.

ఇంట్లో ఎవరికీ ఆట తెలియదని బెంగ పెట్టుకున్నారు. హరీన్ కథ మీకోసమే. ఈక్వడార్‌లో రేడియోలో పనిచేసి 1955లో అమెరికా వచ్చారు. వచ్చేనాటికి ఆయన బేస్‌బాల్ చూసి ఎరగరు. జట్టు లాస్ ఏంజెలిస్‌కు వచ్చిన ఏడాది స్పానిష్ స్టేషన్ వాళ్లు చెప్పమని అడిగితే, నేర్చుకోవడానికి ఒక ఏడాది గడువు అడిగారు. ఆ గడువు అడగడం నాకు చాలా నచ్చుతుంది. మొదటి కొన్నేళ్లు బయటి ఊళ్ల మ్యాచులకు స్కల్లీ ఇంగ్లిష్ వ్యాఖ్యానం వింటూ స్టూడియోలో స్పానిష్‌లో చెప్పారు. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్జువెలా డాడ్జర్స్ పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) దేశాన్ని ఊపేసినప్పుడు పత్రికల వాళ్లకు దుబాసీ హరీనే. ఇప్పుడు ఐపీఎల్ తెలుగులోనూ వినిపిస్తోంది. మీ అమ్మాయికి తెలుగు ధారాళంగా వస్తే దాన్ని తుడిచేసుకోవద్దని చెప్పండి.

ఆడపిల్ల అన్న సంగతి మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఉండే ఉంటుంది. 1977లో వరల్డ్ సిరీస్ (లీగు చివరి పోరు) ఆడింది న్యూయార్క్ యాంకీస్, మీ డాడ్జర్స్. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేఖరి మెలిసా లుడ్‌కీని ఆటగాళ్ల గదిలోకి రానివ్వలేదు, మగ విలేఖరులను రానిచ్చారు. కేసు కోర్టుకెక్కింది. 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ, యాంకీ స్టేడియంలో అది చెల్లదని తీర్పు ఇచ్చారు. లీగు అంతటికీ ఒకే నియమం 1985లో వచ్చింది. తలుపు తెరుచుకుంది గానీ, ఆట మొత్తం చెప్పే కుర్చీల్లో స్త్రీలు ఇప్పటికీ తక్కువే.

పత్రికల వైపు నన్ను అడిగితే వద్దనే అంటాను. డాడ్జర్స్ ఊరి పత్రిక బ్రూక్లిన్ ఈగిల్ 1955 జనవరితో ఆగిపోయింది. జట్టు మొదటిసారి ప్రపంచ విజేత అయ్యింది ఆ ఏడాది అక్టోబరులోనే! 2023లో న్యూయార్క్ టైమ్స్ తన క్రీడా విభాగాన్నే ఎత్తేసింది. రాయడం నేర్చుకోవాలి, అది వ్యాఖ్యాతకూ కావాలి. కానీ దాని మీదే బతుకుతాననుకోవడం ఇప్పుడు కష్టం.

నా సలహా ఇది. విద్యార్థులు నడిపే రేడియో బాగున్న విశ్వవిద్యాలయం చూడండి. ఫోర్డమ్, సిరక్యూస్ ఇందులో పాతకాపులు, అయితే ఫీజులు బరువు. మీ దగ్గరి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ అడగండి. ప్రధాన సబ్జెక్టుగా గణాంకశాస్త్రమో కంప్యూటరో తీసుకుని సాయంత్రాలు మైకు దగ్గర గడపవచ్చు. బేస్‌బాల్ అంతా అంకెల ఆట, జట్లలో ఆ ఉద్యోగాలు వ్యాఖ్యాతల కుర్చీల కన్నా ఎక్కువ. చదువయ్యాక పెద్ద జట్ల కింద ఉండే 120 చిన్న జట్లలో ఎక్కడో మొదలుపెట్టాలి. అక్కడ వ్యాఖ్యాతే చాలాసార్లు పత్రికా ప్రకటనలు రాస్తాడు, టికెట్లు అమ్మడానికీ వెళ్తాడు, రాత్రి బస్సులో జట్టుతో పాటు ప్రయాణిస్తాడు. జీతం తక్కువ. నాలుగేళ్లు గడువు పెట్టుకుని, అప్పటికి కదలిక లేకపోతే డిగ్రీ చేతిలో ఉంటుంది.

దరఖాస్తులకు ముందు ఒక పరీక్ష. 1965 సెప్టెంబరు 9న డాడ్జర్స్ పిచర్ శాండీ కోఫాక్స్ ఆడిన మ్యాచ్ చివరి ఇన్నింగ్స్ రికార్డింగు ఆమెకు మరోసారి వినిపించండి. స్కల్లీ అందులో గడియారం చూసి నిమిషాలతో సహా సమయం చెబుతారు, జనం సంఖ్య 29,139 అని చెబుతారు, గెలిచాక కాసేపు నోరు మూసుకుని జనాన్ని అరవనిస్తారు. తర్వాత మీ దగ్గరి హైస్కూలు మైదానానికి స్కోరు పుస్తకం, ఫోను ఇచ్చి పంపండి. పది మ్యాచులు, ఒక్క బంతి వదలకుండా రాయాలి, చెబుతూ రికార్డు చేయాలి. మూడో మ్యాచులో విసుగు పుడితే మీ వారికి పని తప్పింది. పదోదాకా వెళ్తే ఆ పదో రికార్డింగు నాకు పంపండి, మొత్తం వింటాను.