రాత్రి కంప్యూటర్ ఆపేసే అలవాటునూ బ్యాకప్‌నూ కలిపే చూడాలి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఇంట్లోని కంప్యూటర్‌ను ప్రతి రాత్రీ పూర్తిగా ఆపేస్తే హార్డ్‌డిస్క్ త్వరగా పాడవుతుందా అన్నది మొదటిది. బ్యాకప్ కోసం కొన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచవచ్చా అన్నది రెండోది. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకున్నందువల్లనే నేను ఏడు నెలల ఫైళ్లు పోగొట్టుకున్నాను కాబట్టి, ముందుగా ఆ సంగతి చెబుతాను.

నా డెస్క్‌టాప్‌లో ప్రతి రాత్రి రెండు గంటలకు బ్యాకప్ దానంతటదే జరిగేలా పెట్టుకున్నాను. అప్పట్లో కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లోనే ఉండేది. తర్వాత కరెంటు వృథా అవుతోందనిపించి, పడుకునే ముందు షట్‌డౌన్ చేయడం మొదలుపెట్టాను. అలవాటు మంచిదే కానీ, రెండు గంటలకు కంప్యూటరే నడవనప్పుడు బ్యాకప్ ఎలా జరుగుతుందన్న ఆలోచన నాకు రాలేదు. ఆ ప్రోగ్రామ్ ఏ హెచ్చరికా చూపలేదు, నేనూ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరిచి అందులోని చివరి ఫైలు ఏ తేదీదో చూడలేదు. ఏడు నెలల తర్వాత ఒక ఉదయం లోపలి డిస్క్ నుంచి టక్ టక్‌మనే శబ్దం వచ్చింది. ఆ శబ్దం వినగానే కంప్యూటర్‌ను ఆపేసి డిస్క్ జోలికి వెళ్లకుండా ఉండవలసింది. నేను మాత్రం కంగారులో దాన్ని నాలుగైదు సార్లు మళ్లీ ఆన్ చేశాను. హెడ్ (డిస్క్‌లో సమాచారాన్ని చదివి, రాసే చిన్న భాగం) దెబ్బతిన్న డిస్క్‌ను తిప్పిన ప్రతిసారీ, సమాచారం నిలిచి ఉండే పూత మీద గీతలు పడే ప్రమాదం పెరుగుతుంది. రికవరీ చేసేవారికి ఇచ్చినా, మా నాన్నగారి చేత చెప్పించి రికార్డు చేసుకున్న పాత సంగతులు తిరిగి రాలేదు.

ఇక మొదటి ప్రశ్న. డిస్క్ ఆగినప్పుడు హెడ్‌లు పక్కకు తొలగి, మళ్లీ మొదలైనప్పుడు సమాచారం నిలిచి ఉండే గుండ్రటి పళ్లేల మీదికి వస్తాయి. ఈ రాకపోకలు మూడు లక్షల సార్లో ఆరు లక్షల సార్లో జరిగినా తట్టుకునేలా నేటి డిస్కులను తయారుచేస్తున్నారని వాటి వివరపత్రాలలోనే ఉంటుంది. రోజుకు ఒకసారి ఆపి ఆన్ చేస్తే పదేళ్లకు 3,650 సార్లు అవుతుంది కాబట్టి, రాత్రి షట్‌డౌన్ గురించి మీరు భయపడనక్కరలేదు. కొద్ది క్షణాలు పని లేకపోతే చాలు హెడ్‌లను పక్కకు తీసేలా ఉన్న పొదుపు సెట్టింగే ఆ లెక్కను వేగంగా పెంచుతుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ (SMART) వివరాలు చూపే ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఈ సంఖ్య కనిపిస్తుంది. అయితే స్మార్ట్ బాగుందని నిశ్చింతగా ఉండకండి. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా అటువంటి ముందస్తు సూచన ఏదీ ఇవ్వలేదు.

డిస్క్‌కు నిజంగా హాని చేసేది షట్‌డౌన్ కాదు, రాస్తుండగా కరెంటు పోవడం. స్లీప్‌లో ఉన్నప్పుడు పని అంతా ర్యామ్‌లోనే నిలిచి ఉంటుంది కనుక, కరెంటు పోతే సేవ్ చేయనిది పోతుంది. హైబర్నేట్ అయితే దాన్ని డిస్క్‌లో రాసిపెడుతుంది. డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, పని కొనసాగించడానికి కాకపోయినా సవ్యంగా ఆపడానికి కావలసిన కొద్ది నిమిషాలు దొరుకుతాయి.

రెండో ప్రశ్నకు నా సమాధానం గట్టిగా కాదు అనే. తగిలించి ఉన్న డిస్క్ కంప్యూటర్‌కు వచ్చే ప్రతి ఆపదలోనూ పాలు పంచుకుంటుంది. 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై వంటి రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) లోపలి డిస్క్‌తో పాటు తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకు కూడా తాళం వేస్తుంది. విద్యుత్ పోటు వచ్చినా రెండూ ఒకేసారి పోవచ్చు. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌ను కూడా బ్యాకప్‌గా లెక్కించకండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటున తొలగించిన ఫైలు అక్కడా తొలగిపోతుంది. పాత ప్రతులను కొన్నాళ్లు అట్టిపెట్టే సౌకర్యం ఉంటేనే అది కొంత అక్కరకు వస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అనే పాత సూత్రాన్ని నేను ఇప్పుడు రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులతో పాటిస్తున్నాను. ఒకటి అలమారలో ఉంటుంది, రెండోది మా అక్కయ్య ఇంట్లో ఉంటుంది, నెలకోసారి వాటిని మార్చుకుంటాం.

రాత్రి రెండు గంటల షెడ్యూల్‌ను పూర్తిగా తీసేశాను. శనివారం సాయంత్రం పని ముగిశాక డిస్క్ తగిలించి, బ్యాకప్ పూర్తయ్యేదాకా ఆగి, సేఫ్‌గా తొలగించే ఆదేశం ఇచ్చి, ఆ తర్వాతే షట్‌డౌన్ చేస్తాను. మీకు షెడ్యూలే కావాలంటే, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో సమయం తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడపమనే ఎంపిక ఒకటి ఉంది, దాన్ని తప్పక ఎంచుకోండి. మొదటిసారి మొత్తం కాపీ చేసేటప్పుడు స్లీప్ సమయాన్ని కూడా మార్చుకోవాలి. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో ఒక టెరాబైట్ కాపీ కావడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది, పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో అయితే ఎనిమిది గంటలైనా పట్టవచ్చు, ఈలోగా కంప్యూటర్ నిద్రలోకి జారుకుంటే కాపీ మధ్యలోనే నిలిచిపోతుంది.

నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలును వేరే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని తెరిచి చూస్తాను, ఆ నెలలో చేర్చినదీ అందులో ఉందో లేదో వెతుకుతాను. మీరు కూడా ఈ రోజు కంప్యూటర్ ఆపే ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరిచి, అందులో అన్నిటికన్నా కొత్త ఫైలు ఏ తేదీదో ఒకసారి చూడండి.