కమొడోర్ 64లో రెండో స్వరం ఎందుకు మోగడం లేదంటే

కమొడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్‌లో, బేసిక్ భాషలో మీరు రాసిన ప్రోగ్రాంలో మొదటి స్వరం మోగి మెల్లగా ఆగిపోతోంది, తర్వాత ఫ్రీక్వెన్సీ ఎంత మార్చినా చప్పుడే లేదన్నారు. వాల్యూమ్ బాగానే ఉంది, దాని మెమరీ అడ్రస్ 54296లో 15 వేశారు. చిక్కంతా మొదటి గొంతుని (వాయిస్) నడిపే 54276 అడ్రస్ దగ్గరే.

అక్కడ మీరు ప్రతిసారీ 17 వేస్తున్నారు. అందులో 16 ట్రయాంగిల్ తరంగానిది, మిగిలిన 1 గేట్‌ది, అంటే స్వరాన్ని మొదలుపెట్టి ఆపే స్విచ్‌ది. గేట్ 0 నుంచి 1కి మారితేనే శబ్దం పుట్టించే సిడ్ చిప్ కొత్త స్వరం ఎత్తుకుంటుంది. 1 మీద మళ్లీ 1 వేస్తే దానికి మార్పేమీ కనిపించదు. స్వరం ఎత్తూ దిగుడూ నిర్ణయించే 54277లో 9, 54278లో 0 పెట్టారు కాబట్టి మొదటి స్వరం ముప్పావు సెకనులో సున్నాకి దిగి అక్కడే ఉండిపోతోంది. ప్రతి స్వరానికి ముందు, అడ్రస్‌లో విలువ రాసే పోక్ ఆదేశంతో పోక్ 54276,16 వేసి (గేట్ 0 అవుతుంది), ఫ్రీక్వెన్సీ మార్చి, ఆ తర్వాత పోక్ 54276,17 వేయండి.

అడ్రస్‌లోని విలువ చదివే పీక్‌తో సరిచూడాలని మాత్రం చూడకండి. 54272 నుంచి 54296 వరకు రాయడమే గానీ చదవడం కుదరదు. నేనూ ఒక రాత్రంతా దీంతోనే కూర్చున్నాను.

1982 నాటి ఈ మెషీన్‌లో ఒక్కో గొంతుకి విడిగా ఎత్తూ దిగుడూ ఉండటం నాకు ఇప్పటికీ అపురూపమే. సిడ్ చిప్‌ని రూపొందించిన బాబ్ యానెస్ తర్వాత ఎన్సోనిక్ సింథసైజర్ల కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. మొదటి గొంతు కుదిరాక, 54279 నుంచి మొదలయ్యే రెండో గొంతుని శ్రుతిగా కలిపి వినండి.