కడిల్, స్నగిల్, కోజీ: ఎలా పలకాలి, తెలుగులో ఏమనాలి?

బెంగళూరులో ఒకటో తరగతి చదివే మీ పాప కథల పుస్తకంలో కడిల్, స్నగిల్, కోజీ అనే ఇంగ్లీషు మాటలు వచ్చాయని, వాటిని ఎలా పలకాలో, తెలుగులో ఏమని చెప్పాలో అడిగారు.

స్పెల్లింగ్‌లో 'యు' ఉంది కదా అని కుడిల్, స్నుగిల్ అనకండి. కప్ అనేటప్పటి 'క'యే కడిల్‌లోనూ ఉంది. చివరి అక్షరాలను లిటిల్‌లో లాగే తేలిగ్గా పలికి వదిలేయాలి. కోజీలోని 'జీ' మాత్రం జీడిపప్పు 'జీ' కాదు. 'స్‌స్' అంటూనే గొంతు కలపండి, తుమ్మెద రొద లాంటి ధ్వని వస్తుంది. అదే కావలసింది. బ్రిటన్‌లో 'ఎస్'తో, అమెరికాలో 'జెడ్'తో రాస్తారు కానీ పలకడం ఒకటే.

హగ్ అంటే కౌగిలించుకోవడం, కాసేపట్లో వదిలేస్తాం. కడిల్ అలా కాదు, ప్రేమగా దగ్గరికి తీసుకుని అలాగే ఉండిపోవడం. మన 'పొదువుకోవడం' దానికి చక్కగా సరిపోతుంది. కోడి పిల్లల్ని రెక్కల కింద పొదువుకున్నట్టు అంటే పాపకి ఇట్టే తెలుస్తుంది. స్నగిల్ అంటే వెచ్చదనం కోసం ఒదిగిపోవడం. పక్కన మనిషే ఉండక్కర్లేదు, దుప్పట్లోకైనా ఒదగొచ్చు. ఇది స్నగ్ నుంచి పుట్టింది. ఆ మాటను మొదట్లో ఓడలవాళ్లు తుఫానుకు అన్నీ బిగించుకుని సిద్ధమైన ఓడ గురించి వాడేవారు! కోజీ ఇలా చేసే పని కాదు, చోటు వెచ్చగా, హాయిగా ఉందని చెప్పే మాట. టీ చల్లారకుండా టీపాట్‌కి తొడిగే గుడ్డ టోపీని కూడా టీ కోజీ అంటారు.

జనవరి పొద్దున పాప మీ శాలువాలోకి దూరినప్పుడు "స్నగిల్ అంటే ఇదే తల్లీ" అనండి.