కరివేపాకు పురుగుకు మందు కొట్టాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఇంటి వెనుక 60 గజాల ఎర్రనేల పెరడు ఉంది. పిట్టలు, సీతాకోకచిలుకలు వచ్చేలా మొక్కలు పెంచాలని కోరిక. అయితే నడుమెత్తు కరివేపాకు చెట్టును ఆకుపచ్చ పురుగులు తినేస్తున్నాయి. మందు కొట్టమని ఇరుగుపొరుగువారు అంటున్నారు. కోతుల భయంతో పండ్ల చెట్ల జోలికి పోలేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: మందు కొట్టకండి. మీరు రావాలని కోరుకుంటున్న సీతాకోకచిలుకలు ఇప్పటికే వచ్చాయి, ఆ పురుగులు వాటి పిల్లలే. చిన్నవిగా ఉన్నప్పుడు పిట్టరెట్టలా నలుపు తెలుపు మచ్చలతో కనిపించి, పెరిగాక పచ్చబడి, పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల వంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదిలితే ఇక సందేహించనక్కర లేదు. ఇవి నిమ్మ, కరివేపాకు, మారేడు వంటి ఒకే కుటుంబపు చెట్ల ఆకులనే తింటాయి కనుక మీ వంకాయ, బెండ మొక్కలకు వీటి వల్ల భయం లేదు. రెండు మూడు వారాల్లో తిండి మాని గూడు కట్టుకుంటాయి. నడుమెత్తు చెట్టు మళ్లీ చిగురిస్తుంది. అదే మోకాలెత్తు మొక్క అయితే, పురుగును ఆకుతో సహా నిమ్మ చెట్టు మీదికి మార్చడం మంచిది. మందు కొట్టిన ఆకును మీరే చారులో వేసుకోవాలన్న సంగతి అటుంచితే, పువ్వుల్లో తేనె తాగే తేనెపిట్ట సైతం తన పిల్లలకు పురుగులనే తెచ్చి పెడుతుంది కాబట్టి, పురుగు లేని పెరట్లో పిట్ట గూడు కట్టుకోవడం కష్టం.

ఎర్రనేలకు నేను మొదట చెప్పేది తంగేడు. ఊరి చుట్టూ బీళ్లు ప్లాట్లుగా మారాక బతుకమ్మకు ఆ పువ్వును బజారులో కొనుక్కోవలసి వస్తున్నది కాబట్టి, ఇంట్లోనే ఉంటే పండుగకూ అక్కరకు వస్తుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని గట్టిగా ఝుంకరిస్తే ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. ఉదయం పూట దగ్గర నిలబడితే ఆ చప్పుడు మీకే వినిపిస్తుంది. లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీద గుడ్లు పెడతాయి. వేరు లోతుకు దిగే మొక్క కనుక పెకిలించి తెచ్చి నాటితే బతకడం కష్టం. గింజ పెంకు గట్టిది, వేడి నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి, తొలకరికి నేరుగా నేలలోనే విత్తండి. పక్కన కొద్దిగా గునుగు చల్లితే తేనెటీగలు వస్తాయి.

మందారం పెడితే ఒంటి రేకల ఎర్రదే పెట్టండి, ముద్ద మందారంలో తేనె అందడం పిట్టకు కష్టం. జిల్లేడు మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు పెరుగుతాయి గానీ దాని పాలు కళ్లకు హాని, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. నర్సరీలో లంటానా అంటగడితే తీసుకోకండి. సీతాకోకచిలుకలు దాని మీద వాలే మాట నిజమే, కానీ అది పరదేశపు మొక్క, పిట్టలు దాని పండ్లు తిని గింజలను బీళ్లకూ అడవులకూ మోస్తాయి.

కోతుల సంగతిలో మీ భయం సమంజసమే. జామ, సీతాఫలం ఇప్పట్లో వద్దు. నిమ్మ జోలికి అవి అంతగా రావు, పైగా మీ పురుగులకు అదే రెండో ఇల్లు. ఎండాకాలంలో లోతు లేని మట్టి మూకుడులో రెండు గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టి, రెండు రోజులకోసారి పారబోసి మార్చండి, లేకుంటే దోమలు పెరుగుతాయి.

ఇక కరివేపాకు కోసేటప్పుడు లేత ఆకులను ఒకసారి తిప్పి చూసి, ఆవగింజంత లేత పసుపు గుడ్డు కనిపించిన రెమ్మను వదిలేసి పక్క రెమ్మను తెంపుకోండి.