ఫైల్ కళ్ళ ముందే ఉంది, బోర్డేమో లేదంటోంది. కంపైలర్ మార్చాలా?

ప్రశ్న: లాప్‌టాప్‌లో ఏఆర్ఎమ్ అనే రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని చిన్న బోర్డు కంప్యూటర్‌లో నడిపితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోంది. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైల్ కనిపిస్తోంది. వేరే కంపైలర్ వెర్షన్ వేసి చూడాలా అన్నా?

కంపైలర్ వెర్షన్ జోలికి పోకు తమ్మీ. ఇలాంటి గోలలో తప్పు కంపైలర్ వెర్షన్‌ది కావడం నేను చూడలేదు. లేనిది నీ ఫైల్ కాదు, దానికి షేర్డ్ లైబ్రరీలు (చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే .ఎస్ఓ కోడ్ ఫైళ్ళు) కలిపే లోడర్. ఏ లోడర్ కావాలో ప్రోగ్రామ్ లోపలే రాసి ఉంటుంది. ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ దానికోసం వెతికి, దొరక్కపోతే ఉత్త "ఫైల్ లేదు" అని ఊరుకుంటుంది. ఏ ఫైలో చెప్పదు. ఆ ఒక్క పేరు కూడా మెసేజ్‌లో వేసి ఉంటే ఎంతమందికి నిద్ర మిగిలేదో!

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఇదే పని మీద పిలిచారు. వానాకాలం కోతలు, సన్నవడ్ల ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద బారులు తీరాయి. ధర్మకాంటా బరువు చదివి చీటీ కొట్టేది రాస్ప్‌బెర్రీ పై 3 అనే ఒక బుల్లి బోర్డు. దాని మెమరీ కార్డు పాడైతే, కొత్త కార్డులో ఎవరో 64 బిట్ ఓఎస్ ఎక్కించి ఇచ్చారు. ప్రోగ్రామేమో పాతది, 32 బిట్. రాసినాయన ఫోన్ ఎత్తడు, సోర్స్ కోడ్ సేటు దగ్గర లేదు. పైగా నాకంటే ముందు వచ్చినతను తన లాప్‌టాప్‌లోని .ఎస్ఓ ఫైళ్ళన్నీ తెచ్చి లైబ్రరీ ఫోల్డర్‌లో కుమ్మరించి పోయాడు. కాంటా గది కిటికీలో ఓ డ్రైవర్ తల పెట్టి, "ఇంకెంతసేపు సారూ, మా వడ్లు ఈడనే మొలకలొచ్చేటట్టున్నయ్" అన్నాడు. అతని టెన్షన్ అతనిది. పచ్చి వడ్లు, ఎండలో నిలబడ్డకొద్దీ బరువు తగ్గుతాయి, తగ్గిన బరువుకు మిల్లు వాళ్ళు పైసలివ్వరు.

ప్రోగ్రామ్ ఫైల్ లోపల ఏముందో చూపే రీడ్‌ఎల్ఫ్ -ఎల్ కమాండ్ కొట్టాను. "రిక్వెస్టింగ్ ప్రోగ్రామ్ ఇంటర్‌ప్రెటర్" అన్న చోట /లిబ్/ఎల్‌డీ-లైనక్స్-ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్.ఎస్ఓ.3 అని ఉంది. అది 32 బిట్ లోడర్ పేరు. ఆ కార్డులో ఉన్నది ఏఆర్చ్64, అంటే 64 బిట్ ఏఆర్ఎమ్ లోడర్ మాత్రమే. పై 3 ప్రాసెసర్‌కు 32 బిట్ కోడ్ నడపడం వచ్చు, కెర్నల్‌కూ అభ్యంతరం లేదు, లోడర్ ఒక్కటే కరువు. గుమాస్తా ఫోన్ హాట్‌స్పాట్ తీసుకుని, డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్‌తో ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్‌ను (32 బిట్ ఏఆర్ఎమ్ ప్యాకేజీల రకం) చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఆ లోడర్ ఉండే ప్యాకేజీ లిబ్‌సి6:ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ వేశాను. ఎర్రర్ మారింది: ఇప్పుడు లిబ్‌సీరియల్‌పోర్ట్ అనే లైబ్రరీ మీద "రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్", అంటే 32 బిట్‌కూ 64 బిట్‌కూ పొసగలేదని. అదిగో, కుమ్మరించిన ఫైళ్ళ పుణ్యం! ఇంటెల్ లాప్‌టాప్ లైబ్రరీని 32 బిట్ ఏఆర్ఎమ్ ప్రోగ్రామ్‌కు పెడితే అదేం చేస్తుంది? వాటన్నిటినీ తీసి పారేసి, రీడ్‌ఎల్ఫ్ -డి చూపించిన "నీడెడ్" పేర్లను బట్టి ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ ప్యాకేజీలే వేశాను. చీటీ వచ్చింది.

నా బాధ ఆ ముందొచ్చినతని గురించే. అమీర్‌పేట కోర్సుల్లో డాకర్, క్యూబర్నెటీస్ అన్నీ నేర్పుతారు. .ఎస్ఓ పక్కన ఆ 0, 5, 6 అంకెలేంటని అడిగితే మాత్రం నోరు మెదపరు. అంకె మారిందంటే పాత ప్రోగ్రామ్‌తో పొత్తు కుదరదని అర్థం. వీళ్ళు సిమ్‌లింక్ (పాత పేరుతో వేరే ఫైల్‌ను చూపే అడ్డదారి) కొట్టి కుదిరిందనుకుంటారు, అర్ధరాత్రి అది సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలబడుతుంది.

సరే, నీ సంగతి. సోర్స్ నీ దగ్గరే ఉంది కాబట్టి నీకు సులువు. బోర్డులో డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్ కొట్టు. కెర్నల్ రకం చెప్పే యునేమ్ -ఎమ్‌ను నమ్మకు. పై 4లో 2023 నుంచి 32 బిట్ ఓఎస్ వేసినా కెర్నల్ 64 బిట్‌దే బూట్ అవుతోంది, అందుకే అది ఏఆర్చ్64 అని చెబుతుంది. ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ అని వస్తే ఏఆర్ఎమ్-లైనక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్ కంపైలర్, ఏఆర్ఎమ్64 అని వస్తే ఏఆర్చ్64-లైనక్స్-గ్నూ. ఇంకోటి, ఉబుంటు 22.04లో జీలిబ్‌సి (అన్ని ప్రోగ్రామ్‌లకూ కావాల్సిన మూల సి లైబ్రరీ) 2.35 ఉంటుంది, డెబియన్ 11 బోర్డులో 2.31. అక్కడ కట్టి ఇక్కడ నడిపితే "జీలిబ్‌సి_2.34 నాట్ ఫౌండ్" అని రావచ్చు. నీ బోర్డులో డెబియన్ 11 ఉంటే, లాప్‌టాప్‌లో డెబియన్ 11 కంటైనర్‌లోనే (వేరే ఓఎస్ ఫైళ్ళతో విడిగా నడిచే గదిలాంటిది) కంపైల్ చెయ్. అప్పటికీ మొరాయిస్తే రీడ్‌ఎల్ఫ్ -ఎల్ ఏం చెప్పిందో కింద పెట్టు, చూస్తాను.