చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్‌ను పుస్తకాల ప్రెస్‌గా పెంచాలంటే ముందు ఏం కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. తెనాలిలో సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ మెషిన్ మీద బిల్లు బుక్కులు, కరపత్రాలు, శుభలేఖలు వేస్తున్నారు. ఈమధ్య రచయితలు పుస్తకాలు వేయమని వస్తున్నారు. బ్యాంకు లోన్‌తో నాలుగు రంగుల మెషిన్ కొని పూర్తిగా పుస్తకాల పనిలోకి దిగాలా అని అడిగారు.

విజయవాడలో మాకూ ఇలాంటి ప్రెస్సే ఉండేది. జాబ్ వర్క్ నుంచి పుస్తకాల్లోకి మేమూ అలాగే వచ్చాం. నన్నడిగితే ఆ నాలుగు రంగుల మెషిన్ ఇప్పుడే వద్దు. ముందు బైండింగ్‌ను మీ షెడ్డులోకి తెచ్చుకోండి.

ఎందుకో లెక్కతో చెబుతాను. మామూలు నవలల సైజైన 1/8 డెమ్మీలో 160 పేజీల పుస్తకం, 1000 కాపీలు అనుకుందాం. 18×23 అంగుళాల షీటును రెండు వైపులా అచ్చేసి మడిస్తే 16 పేజీల కట్ట వస్తుంది, దాన్నే ఫారం అంటాం, కాబట్టి మొత్తం 10 ఫారాలు. ముందూ వెనకా కలిపి 20 ప్లేట్లు, 20 వేల ఇంప్రెషన్లు, అంటే అచ్చులు. ప్లేట్లు మార్చడం, సెట్టింగ్, ఇంకు సరిచూడటం అన్నీ కలిపినా మీ దగ్గరున్న మెషినే దీన్ని రెండు మూడు రోజుల్లో లాగేస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పది వేల షీట్లు మడవాలి, ఒక్కో షీటుకు మూడు మడతలు, అంటే ముప్ఫై వేల మడతలు. తర్వాత ఫారాలు వరసగా ఏరాలి, అట్ట అంటించాలి, మూడు వైపులా కోయాలి. పుస్తకాల ప్రెస్‌లో పని ఆగేది ఇక్కడే. నాలుగు రంగుల మెషిన్ తెచ్చి అచ్చు వేగం పెంచితే, మడత పడని షీట్ల దొంతరలు షెడ్డులో ఇంకా ఎత్తుగా పెరుగుతాయి, అంతే.

బైండింగ్ బయటికి ఇచ్చే రోజుల్లో మేము పడ్డ టెన్షన్ మీరు పడకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నా. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ప్రతి రచయితకూ ఆ లోపే పుస్తకం చేతికి రావాలి. క్యాలెండర్లు, డైరీల పని కూడా అప్పుడే వచ్చి పడుతుంది. ఒకసారి ఆవిష్కరణ సభ రోజు పొద్దున్నే బైండింగ్ వాళ్ల దగ్గర నుంచి పుస్తకాలు ఆటోలో వచ్చాయి. జిగురు ఇంకా సరిగ్గా పట్టలేదు. సభలో ఒక పెద్దాయన పుస్తకం విప్పి చదవబోతే నడుమ పేజీలు చేతిలోకి ఊడివచ్చాయి. రచయిత ముఖం చూడలేకపోయాను. పాఠకుడికి బైండింగ్ ఎవరు చేశారో తెలియదు. లోపలి పేజీలో ఉండేది మీ ప్రెస్ పేరే.

కొనే వరసలో మొదటిది ఫోల్డింగ్ మెషిన్. తర్వాత ఒక్కోసారి ఒక్కో పుస్తకాన్ని పట్టి జిగురుతో అట్ట అంటించే సింగిల్ క్లాంప్ పర్ఫెక్ట్ బైండింగ్ మెషిన్. గంటకు రెండు మూడు వందల పుస్తకాలు చేసేది మీ స్థాయికి చాలు. మంచి కటింగ్ మెషిన్ మీ దగ్గర ఎలాగూ ఉండి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఈ రెండూ కలిపినా నాలుగు రంగుల మెషిన్ ధర దరిదాపుల్లోకి రావు. అట్టలు మాత్రమే రంగుల్లో ఉంటాయి కాబట్టి వాటిని విజయవాడలో మల్టీకలర్ ఉన్నవాళ్ల దగ్గర వేయించుకుని, లామినేషన్ కూడా అక్కడే చేయించండి. సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్లు చేసే మెషిన్) జోలికి అసలు పోవద్దు. ఫైలు పంపితే సాయంత్రానికి ప్లేట్లు చేసి పంపేవాళ్లు ఉన్నారు. మీకున్న పనికి ఆ పెట్టుబడి తిరిగి రాదు.

మా దగ్గర చేత్తో ఫారాలు మడిచే ఆడవాళ్లు చాలాకాలంగా ఉండేవాళ్లు. ఫోల్డింగ్ మెషిన్ వచ్చాక వాళ్లలో ఎవర్నీ పంపలేదు, ఫారాలు ఏరడానికీ చెకింగ్‌కీ మార్చాం. ఆ చెకింగ్ వల్లే మాకు పేరొచ్చింది. ప్రతి ఫారం నడుము మీద, మడత బయటికి కనిపించేచోట, ఒక చిన్న నల్ల గీత వేయించాలి. మొదటి ఫారానికి పైన, రెండో దానికి కొంచెం కింద, మూడో దానికి ఇంకాస్త కింద. ఫారాలన్నీ వరసగా పేర్చి నడుము వైపు నుంచి చూస్తే ఆ గీతలు మెట్లలాగా ఏటవాలుగా దిగుతాయి. ఒక ఫారం తప్పిపోయినా, ఒకటే రెండుసార్లు పడినా ఆ మెట్లు తెగిపోయి కనిపిస్తాయి. అలవాటైన కన్ను పుస్తకం తెరవకుండానే పట్టేస్తుంది. అట్ట వేసే ముందు ఇది చూడకపోతే, 64వ పేజీ తర్వాత 81వ పేజీ వచ్చిందని పాఠకుడు ఫోన్ చేస్తాడు.

కాగితం విషయంలో కూడా పుస్తకానికి వేరే కన్ను కావాలి. కరపత్రానికి గ్రెయిన్ (కాగితంలో పీచు సాగే దిశ) ఎటున్నా ఎవరూ అడగరు. పుస్తకానికి గ్రెయిన్ నడుముకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు అలలు తేలతాయి, పుస్తకం విప్పి పెడితే నిలవదు, జిగురు కూడా త్వరగా వదిలేస్తుంది. 23×36 అంగుళాల డబుల్ డెమ్మీ షీటును సగం చేసి 1/8 వేసేటప్పుడు గ్రెయిన్ 36 అంగుళాల వైపు ఉండాలి. షీటు మూల చింపి చూడండి. ఎటు తిన్నగా చిరిగితే గ్రెయిన్ అటు. మన దగ్గరే రాజమండ్రిలో కాగితం మిల్లు ఉంది, ఐటీసీ మిల్లు భద్రాచలం పక్కన సారపాకలో ఉంది, కాబట్టి పుస్తకాలకు వాడే మ్యాప్‌లిథో కాగితం దొరకదన్న బెంగ లేదు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) డబుల్ డెమ్మీ రీము, అంటే 500 షీట్లు, 18.7 కిలోలు తూగాలి. పైన చెప్పిన పుస్తకానికి 10 రీములు, వేస్టేజీ అదనం. రీము తూకం వేసుకునే తీసుకోండి, తేడా అక్కడే బయటపడుతుంది.

ఇక రెండో దశ, పేజ్ మేకప్, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం. దీనికి మెషిన్ అక్కర్లేదు, తెలుగు బాగా వచ్చిన మనిషి కావాలి. ఇప్పుడు రచయితలు ఫోన్లోనో వర్డ్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతున్నారు. డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని చేస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. నేరుగా యూనికోడ్‌లో ఇన్‌డిజైన్ మీద చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అందులో తెలుగు లాంటి లిపుల కోసం ఉండే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవడం మరచిపోవద్దు, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. మంచి ప్రూఫ్ రీడర్‌ను మీరే ఏర్పాటు చేసి దానికి విడిగా రేటు చెప్పండి. మా దగ్గరికి రెండో పుస్తకానికి తిరిగి వచ్చిన రచయితల్లో ఎక్కువమంది అచ్చు బాగుందని కాదు, తప్పులు లేవని వచ్చారు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) గురించి కూడా అడుగుతారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. అప్లికేషన్ నింపడంలో సాయం చేయండి, కానీ అది రచయిత పేరునో ప్రచురణకర్త పేరునో ఉండాలి.

డిజిటల్ మెషిన్ మూడో దశ. ఇరవై ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే కాబట్టి, 100 కాపీలు అడిగే కవిగారికి ఆఫ్‌సెట్‌లో గిట్టుబాటు రేటు చెప్పలేరు. డిజిటల్‌లో ప్లేట్లు లేవు, ప్రతి ఇంప్రెషన్‌కూ క్లిక్ ఛార్జీ పడుతుంది. మా లెక్కలో మూడు నాలుగు వందల కాపీల దగ్గర రెండూ సమానమయ్యేవి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ముందు వంద కాపీలు వేసి, అమ్ముడైతే మళ్లీ వేయమంటున్నారు. ఆ పని నిజంగా పెరుగుతోంది. అయినా మొదటి ఏడాది డిజిటల్ అచ్చు బయట వేయించుకుని, బైండింగ్ మాత్రం మీరు చేయండి. నెలనెలా ఎంత పని వస్తుందో తెలిశాక మెషిన్ సంగతి చూసుకోవచ్చు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. సగం అడ్వాన్సు, మిగతాది పుస్తకాలు తీసుకెళ్లేటప్పుడు. కాగితం మీరు పెడుతున్నారా, వాళ్లు ఇస్తున్నారా అన్నదాన్ని బట్టి జీఎస్టీ లెక్క మారుతుంది, రేటు చెప్పేముందే మీ ఆడిటర్‌ను అడగండి.

సెకండ్ హ్యాండ్ మెషిన్లు చూడటానికి వెళ్లేటప్పుడు మీరు వాడే కాగితమే ఒక రీము తీసుకెళ్లండి. ఫోల్డింగ్ మెషిన్‌ను అరగంట ఆపకుండా నడిపించి, మధ్యలో తీసిన ఫారాల్లో పేజీ నంబర్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయో లేదో వెలుతురుకు పెట్టి చూడండి. బైండింగ్ మెషిన్ మీద ఒక పుస్తకం చేయించుకుని, ఒక రోజు ఆగి, మధ్యకు విప్పి ఒక పేజీ పట్టుకుని గట్టిగా లాగండి. ఊడి వచ్చిందంటే జిగురు పట్టేలా నడుమును గరుకు చేసే మిల్లింగ్ బ్లేడో జిగురు వేడో తేడాగా ఉన్నట్టు. అది సరిచేసి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.